ఎత్తి చూసే మనిషి

ఇంటికి ఏ వస్తువు వచ్చినా మా నాయన ముందు రెండు చేతులతో ఎత్తి చూస్తాడు. ఆయనలా బంగారు గనిలో పనిచేసినవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. రాయిని చేత్తో తూచి చూడందే దాని గురించి మాట్లాడరు. కుక్కరు, పుచ్చకాయ, నన్ను చూడడానికి వచ్చిన పెళ్లికొడుకు హెల్మెట్టు, అన్నీ ఆయన చేతుల్లో పడ్డవే. హెల్మెట్టు మరీ తేలికగా ఉందని ఆ సంబంధం వద్దన్నాడు. ఆ విషయంలో ఆయన మీద నాకేమీ కోపం లేదు.

నేను వేమగల్ ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుడతాను. నాకున్న ఒకే ఒక్క పిచ్చి పాటలు. రాబర్ట్‌సన్‌పేటలో సెకండ్‌హ్యాండ్‌లో ఒక మంచి ఆంప్లిఫైయర్ దొరికితే, ఆటో డ్రైవరూ నేనూ చెరో పక్క పట్టుకుని ఇంట్లోకి తెచ్చి నేల మీద దించాం. నేను స్పీకర్ల వైర్లు తగిలిస్తుంటే నాయన దాని చుట్టూ తిరిగాడు.

"ఏందమ్మా, పాటలు పాడే పెట్టె ఇంత బరువుండాది?"

"సగం బరువు ట్రాన్స్‌ఫార్మరుదే నాయనా. అంతా ఇనుము, రాగి. డోలు మీద గట్టిగా దెబ్బ పడితే ఒక్కసారిగా కరెంటు కావాల. చిన్నదైతే ఇయ్యలేక నీరసించిపోతాది. పక్కనుండే రెక్కలు వేడి లాగేదానికి, కింద మందం రేకు అదరకుండా ఉండేదానికి. కొందరు బరువు కోసం ఊరికే ఇనుప దిమ్మె పెట్టి మోసం చేస్తారులే."

"అట్లయితే నేను ఎత్తి చూడాల్సిందే. బల్ల మీద పెడతాను ఉండు."

పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టాను. బంగారుపేట స్టేషన్ మెట్ల మీద ఆయన ఊపిరందక, చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఆగిపోవడం నేను చూశాను. అమ్మకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే ఆమె ఆసుపత్రికి లాక్కుపోతుంది. ఊపిరితిత్తుల్లో గని దుమ్ము చేరిన మా పెదనాయన ఆసుపత్రికి పోయి మళ్లీ ఇంటికి రాలేదు. నాయనకు అదే భయం.

వద్దన్నా వినలేదు. మోకాళ్ల దాకా ఎత్తి, దించేసి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఛాతీలో ఈల మొదలైంది. అమ్మ వంటింట్లో రాగిసంకటి కెలుకుతోంది.

"పాట పెట్టమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "సౌండు బాగా పెట్టు. మీ యమ్మకు ఇనపడకూడదు."

పెట్టాను. కిటికీ రెక్కలు అదిరాయి. ఆయన కళ్లు మూసుకుని ఊపిరి కోసం తంటాలు పడుతుంటే నాకు భయం, కోపం రెండూ ముంచుకొచ్చాయి.

పాట అయిపోయింది. మంచి యంత్రం కదా, పాటకూ పాటకూ మధ్య గుయ్యిమని కూడా అనలేదు. ఆ నిశ్శబ్దంలో నాయన ఛాతీలోని ఈల ఇల్లంతా వినబడింది. వంటింట్లో సంకటి కెలికే చప్పుడు ఆగిపోయింది.