మొదటి ఛానెల్

ఉదయం ఆరూ ఇరవైకి ఐరాల బస్టాండు దగ్గర టీ తాగాం. డ్రైవర్ రెండు గ్లాసులు తాగాడు. సన్నటి వాన. సామాను మోసుకుని గుట్ట మీదికి చేరేసరికి ఎనిమిది దాటింది.

ఊళ్లో కలిసినవాళ్లు నన్ను మంచు కొండల పోస్టింగుల గురించి అడుగుతారు. సైన్యంలో సిగ్నల్స్ పని చేశాను, అడగడం సహజమే. కానీ డ్యూటీ అంటే నాకు గుర్తొచ్చేది పెన్షన్ వచ్చాక మా జిల్లాలోనే, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు చేసిన ఈ మూడు రోజులు.

గుట్ట మీద ఒక గది, పక్కన ఇనుప టవర్. మేం మోసుకొచ్చింది ఒక రిపీటర్. ఎత్తులో కూర్చుని, బలహీనమైన మాటను విని, ఆ క్షణంలోనే బలంగా తిరిగి పలికే యంత్రం అది. చేతి సెట్టు మాట కొండల అవతలికి పోవాలంటే అది కావాలి. చిత్తూరులో మూతపడిన ఒక లారీ ఆఫీసు పాత సామాన్ల కింద అమ్మేస్తే కొన్నాం. లైసెన్సు తీసుకుని సరదాకు సొంత సెట్లలో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్లు వాడుకునేలా దాన్ని మార్చడానికి నాకూ డ్రైవర్‌కూ ఒక వేసవి పట్టింది. డ్రైవర్ మా రెజిమెంటువాడే. అక్కడ బండి నడిపాడు, అందుకే నాకు ఇప్పటికీ డ్రైవరే. ఇక్కడ కాణిపాకం దోవలో టిఫిన్ అంగడి పెట్టుకున్నాడు.

ముందు దాని ఛానెళ్లను హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలకు దించాం. తర్వాత డబ్బాలు. పాల క్యాన్లంత రేకు డబ్బాలు ఆరు. యంత్రం అరుపు దాని చెవిలోనే పడకుండా ఆపేవి అవే. ఒక్కోదాని మర కొంచెం కొంచెం తిప్పుతూ, మీటరు చూస్తూ సరిచేశాం. దానిలో ఒక టైమర్ కూడా ఉంది. ఎవరైనా ఆపకుండా మూడు నిమిషాలు మాట్లాడితే రిపీటర్ పలకడం మానేస్తుంది. అది వద్దన్నాడు డ్రైవర్.

“మాట్లాడే మనిషి నోరు మద్దెలో మూసేదేందప్పా?”

“సెట్టు మీట ఇరుక్కునిందనుకో. ఆ ఒక్కడి వల్ల అందరి నోళ్లూ మూతపడతాయి.”

“నిజం సెప్పు. నా కోసరమే కదా పెడతా ఉండావు?”

“నీ కోసరమే. నీ ఉప్మా పురాణం వినలేక.”

నవ్వాడు. టైమర్ ఉంచాం.

మాట్లాడాలంటే సెట్టు పక్కనున్న మీట నొక్కాలి. నొక్కినంతసేపూ ఎదుటివాడు వినపడడు. రిపీటర్‌లో రెండు ఛానెళ్లు పెట్టాం. మొదటిది మూగబోతే అందరూ రెండోదానికి మారాలి. డ్రైవర్ చేతిలోది లారీ ఆఫీసు సెట్టే. దానిలో మొదటి ఛానెల్ ఒక్కటే పట్టింది.

మధ్యాహ్నానికి డ్రైవర్ గుట్ట దిగి, నీటిమట్టం చూసి చెప్పడానికి చెరువు కట్ట మీదికి పోయాడు. కట్ట దిగువన రెండు ఊళ్లు, ఊరికొక సెట్టు. అందరి కబుర్లూ అందుకుని ఆర్డర్లు ఇచ్చే కంట్రోల్ తిరుపతిలో; అక్కడ కూర్చున్నది బడిలో ఫిజిక్స్ చెప్పే టీచరమ్మ. రెండో రోజుకు సెల్‌ఫోన్ సిగ్నళ్లు పోయాయి. వాన తగ్గలేదు.

“కట్ట నుంచి గుట్టకు. నీళ్లు తూము రాయి కాడికి వచ్చినాయి. నా గొడుగు కొట్టుకోనిపాయ. ఓవర్.”

“గొడుగు సంగతి కంట్రోల్‌కు అక్కర్లేదు. ఓవర్.”

“టీచరమ్మకు కాదప్పా. నీకు సెప్తా ఉండాను.”

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి డ్రైవర్ గొంతులో పరాచికం లేదు.

“కట్టలోంచి నీళ్లు ఊరతా ఉండాయి. కిందోళ్లను ఖాళీ చేయించాల. నేను ఈడ్నే ఉండాల్నా, దిగిపోవాల్నా? ఆర్డర్ సెప్పండి. ఓవర్.”

ఓవర్ అన్నాడు. కానీ రిసీవర్ మీద ఎర్ర దీపం ఆరలేదు. ఎవరో మీట నొక్కి ఉన్నారని చెప్పే దీపం అది. బురదకో, నీటికో మీట ఇరుక్కుంది. అతను వదిలాననే అనుకున్నాడు.

“దిగిపో” అన్నాను. మళ్లీ అన్నాను.

“గుట్టా, ఇంటా ఉండావా? నీ పలుకు రాలేదే.”

గాలి, వాన, అతని ఊపిరి. మూడు నిమిషాలు నిండాయి. టైమర్ రిపీటర్ నోరు మూసింది. ఇక ఊళ్లకూ కంట్రోల్‌కూ ఏమీ వినపడదు. గదిలో రిసీవర్ స్పీకర్ ఉంది కాబట్టి నాకొక్కడికే అతని మాట వస్తోంది.

“సరే అప్పా. ఆర్డర్ వచ్చేదాంక ఈడ్నే ఉంటా.”

నా దగ్గర రిపీటర్‌తో పనిలేని చేతి సెట్టు ఇంకొకటి ఉంది. గుట్ట ఎత్తు నుంచి తిరుపతికి నేరుగా అందుతుంది. దానిలో కంట్రోల్ పిలిచింది.

“రెండో ఛానెల్‌కు మార్చండి సార్.”

“కట్ట మీద మనిషి ఉండాడమ్మా. మాట్లాడతా ఉండాడు.”

“మీ మాట ఆయనకు వినపడతా ఉందా?”

“లేదు.”

“కింద రెండు ఊళ్లున్నాయి. కట్ట కాడికి మనిషిని పంపాలన్నా ఛానెల్ కావాల. మార్చండి.”

ఆమె స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. స్విచ్ మీద చెయ్యి వేశాను. తిప్పితే అతని మాట నాకూ వినపడదు. స్పీకర్‌లో డ్రైవర్ అంటున్నాడు: “ఈ వానకు ఒక గ్లాసు టీ పడితే...”

తిప్పాను.

రెండో ఛానెల్‌లో రెండు ఊళ్లూ పలికాయి. ఖాళీ చేయమన్నాను. కట్ట దగ్గరికి మనిషిని పంపమన్నాను. పై ఊరి నుంచి ఇద్దరు పరిగెత్తారు. చీకటి పడకముందే జనమంతా మెరక మీది బడికి చేరారు. ఆ ఇద్దరూ సగం దోవలో ఆగిపోయారు. తూము దగ్గర కట్ట తెగింది.

అప్పుడు మొదటి ఛానెల్‌కు తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. మాట లేదు. నీళ్ల శబ్దం. స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చున్నాను. కాసేపటికి దీపం ఆరింది.

వాన వెలిశాక ఒక్కణ్ణే గుట్ట దిగాను. డ్రైవర్ శవం అప్పటికే దొరికింది. వాళ్లింటికి పోయాను. అతని భార్య గడపలో కూర్చుని ఉంది.

“కడాకు ఏం సెప్పినాడన్నా?”

“ఆర్డర్ అడిగినాడమ్మా.”

“మీరు సెప్పినారా?”

“సెప్పినాను.”



రిపీటర్ గుట్ట మీదే ఉంది. వానలకు ముందు పోయి డబ్బాలు సరిచూసి వస్తాను. టైమర్ తీయలేదు. కళ్లు మూసుకుంటే ఆ ఎర్ర దీపం వెలుగుతూ కనిపిస్తుంది.

మొదటి ఛానెల్‌లో ఇప్పుడు ఎవరం మాట్లాడం.