అడ్డగీతను తాకని వంపు

కోరుట్ల బడిలో మా లెక్కల సార్ శనివారం చివరి పీరియడ్‌ను చర్చలకు వదిలేవారు. దయ్యాలున్నాయా, గ్రహణం పట్టినప్పుడు అన్నం తినొచ్చా అని మమ్మల్ని రెండు జట్లు చేసి కొట్లాడించేవారు. "పదిమంది అంటే నిజమైతదా? చూపెట్టు!" అని బల్ల గుద్దేవారు. ఇప్పటికీ నేను ఏ సభలో వాదించినా ఆ మాటతోనే మొదలుపెడతాను. ఆయన చేసింది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది అందుకే.

వర్గ సమీకరణాలను గ్రాఫ్ గీసి సాధించడం పదో తరగతిలో ఆయనే నేర్పారు. ఎక్స్‌కు ఒక్కో విలువ ఇచ్చి, వై ఎంతో కట్టి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టాలి. కలిపితే దొప్పలాంటి వంపు వస్తుంది. అది సున్నా దగ్గరి అడ్డగీతను ఎక్కడ కోస్తే అక్కడే జవాబు. ఆడపిల్లలం విరిగిన చేతిగాజు ముక్క ఆనించి ఆ వంపు గీసేవాళ్లం. జవాబు ముందే తెలిసినవాళ్లు వంపు అక్కడికి చేరేలా చుక్కలను జరిపేవాళ్లు. సార్ దొరకబట్టి చెవి మెలిపెట్టేవారు. "చుక్కలు ఎటు పోతే గీత గటు పోవాలె. గీత కోసం చుక్కను జరిపితే గది లెక్క కాదు, దొంగతనం."

ఆ యేడు మా నాయిన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఆయనది తాపీపని. సిరిసిల్లలో చిన్నమ్మ ఇంట్లో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి మనిషి కావాలని కబురొచ్చింది. నాకేమో జగిత్యాల కాలేజీలో చేరాలని. "మీ లెక్కల సార్ ఈ పిల్లకు సదువొస్తదని ఒక్క మాటంటే పంపుత" అన్నాడు నాయిన.

"ప్రీఫైనల్‌ల ఫస్టు రా బిడ్డా, నేనే మాట్లాడుత" అన్నారు సార్.

పేపర్ ఆయనే తయారుచేశారు. x² – 2x + 3 = 0 ను గ్రాఫ్ ద్వారా సాధించండి. రివిజన్‌లో మైనస్ మూడుతో చేసిన లెక్కే. ఇక్కడ ప్లస్ అని అచ్చు పడింది. క్లాసంతా బట్టీపట్టిన చుక్కలే పెట్టి, మైనస్ ఒకటి, మూడు అని జవాబు రాశారు. నేను విలువలు కట్టాను. ఆరు, మూడు, రెండు, మూడు, ఆరు. వంపు రెండు దాకా దిగి, అడ్డగీతను తాకకుండానే పైకి పోయింది. మళ్లీ కట్టినా అంతే. 'తాకదు కాబట్టి వాస్తవ మూలాలు లేవు' అని రాశాను.

సున్నా వేశారు. ఫస్టు పోయింది.

స్టాఫ్ రూంకు పోయి కాగితం ముందు పెట్టాను. సార్ ఒక్కో చుక్క మీద పెన్ను ఆనించి చూశారు. ఆయనకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది. అప్పుడే తెలుగు చెప్పే హెడ్‌మాస్టరు తల తిప్పాడు. "ఏంది, ప్రశ్నల తప్పుందా?"

"ఏం లేదు సార్. అందరికొచ్చిన లెక్కే. ఈమెకొక్కదానికే రాలె."

బల్ల గుద్దిన చెయ్యి అదే. పదిమంది మాట పట్టుకుని బయటపడింది.

ఇంటికొచ్చి నాయినకు చూపెట్టాను. గోడ వంకర చూసేవాడిలా ఆయన కాగితాన్ని కండ్ల ఎత్తున పట్టాడు.

"ఇది కింది గీతకు తాకలే గదా?"

"తాకది నాయినా. గంతే లెక్క."

"మరి సార్‌కు కండ్లు లెవ్వా?"

తెల్లారి బడికి పోయి అడిగొచ్చాడు. నా ముఖం చూడకుండా చెప్పులిడిచాడు. "సదువుకున్నాయన రాదంటున్నడు బిడ్డా. నా కండ్లదేమున్నది, రాళ్లు మోసే కండ్లు."

తాకలేదని కళ్లారా చూసినవాడే ఆ మాటన్నాడు. మస్కట్‌కు పోయేముందు చిన్నమ్మకు మాటిచ్చేశాడు.

పబ్లిక్ పరీక్షలయ్యాక కోరుట్ల బస్టాండులో సంచితో నిలబడ్డాను. సార్ వచ్చారు, చేతిలో కొత్త గ్రాఫ్ కాగితాల కట్ట.

"ప్రైవేట్‌గ ఇంటర్ కట్టు బిడ్డా. ఇంద, ఉంచుకో."

నేను చెయ్యి చాపలేదు. "సార్, ఆ గీత తాకుతదా?"

ఆయన బస్సు బోర్డు వైపు చూశారు.

"సిరిసిల్లదే. ఎక్కు, మల్ల సీటు దొరకది."