బొట్టు పెట్టిన చోట పట్టని పూత

తొంభైల తొలి సంవత్సరాలలో కృష్ణానగర్‌లో నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఉక్కు గొట్టాలకు రంగు వేసేముందు, తుప్పు పట్టకుండా వాటిని వేడి ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి బూడిదరంగు పూత ఎక్కించడం మా పని. ఆ ఏటి దసరాకు చేతిలో ఉన్నది ఒక్కటే ఆర్డరు: ఫిల్మ్‌నగర్‌లో షూటింగు సామాను అద్దెకిచ్చే ఒక అవుట్‌డోర్ యూనిట్‌కు నూట ఇరవై లైటు స్టాండ్లు. అవి నిలబడితే ఏడాదంతా పని. లేకుంటే షెడ్డు మూతే.

ఆయుధపూజనాటి పేజీ నా డైరీలో ఇప్పటికీ ఉంది. తొట్టి వేడి డెబ్బై డిగ్రీలు. మునక పన్నెండు నిమిషాలు. ముంచేముందు ఉక్కు ఎలా ఉందన్నదాని గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

సోడాలో జిడ్డు వదిలించి, యాసిడ్‌లో తుప్పు తీసి, కడిగి పేర్చిన గొట్టాలకు తొమ్మిదేళ్లుగా నాతో ఉన్న పనివాడు ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాడు. రాలకూడదని కుంకుమను దీపపు నూనెలో కలిపాడు.

"ఇదేం పని?" అన్నాను.

"మీ డైరీకి బొట్టు వెట్టుకున్నరు గద సార్. గివేం పాపం జేసినయి?" అని నవ్వాడు. "జర ఆగుండ్రి, మళ్ల సోడాల ముంచి తీస్త."

మళ్లీ ముంచితే ఒక పూట పోతుంది. మర్నాడే సరుకు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాను. "గుడ్డతో తుడిచెయ్, చాలు" అన్నాను.

ఎరుపు పోయింది; నూనె పోలేదు. తొట్టిలోంచి తీసినప్పుడు, బూడిదరంగు మధ్య రూపాయి బిళ్లంత మెరుపు ప్రతి గొట్టం మీదా కనిపించింది. జిడ్డున్న చోట పూత పట్టదని నాకు తెలుసు. తెలిసే పైన నల్లరంగు వేయించాను.

కార్తీకంలో తుపాను వానలకు ఆ రంగు పొక్కి రాలింది. స్టాండ్లన్నీ లారీలో తిరిగి వచ్చాయి. వాటి వెంట యూనిట్ మేనేజరు వచ్చాడు.

"ఏంటండీ, అన్నిటికీ బొట్లు పెట్టి పంపారు? పేరంటానికా?"

నూట ఇరవైకీ, ఒకే ఎత్తులో, తుప్పు బొట్టు.

నేను నోరు తెరిచేలోగా పనివాడు తల వంచుకున్నాడు. "నేనే వెట్టిన సార్. తప్పు నాదే." తుడిచెయ్యమన్న నా మాట అతడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నెలాఖరుకు షెడ్డు మూతపడింది. అతడు తొట్టి కడిగి బోర్లించి, "నా చెయ్యి మంచిది గాదు సార్" అని యూసుఫ్‌గూడ వైపు నడిచాడు. గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. కాదని చెప్పడానికి అంత సేపు అక్కర్లేదు.

ఆనాటి పేజీలో 'తొట్టి ఖాళీ' అని ఉంది. తుడవమన్నది నేనని ఏ పేజీలోనూ లేదు.