తలుపు చప్పుడు వినే మామ

మా ఊరు అంకిసలో సైకిల్ కూడా లేని మా మేనమామకు తెలియని కారు లేదు. పాత పత్రికల్లో బొమ్మలు చూసి తీర్పులు చెప్పేవాడు.

"అమెరికా కారు పరుపు లెక్కుంటది, మలుపుల పడవ లెక్క ఊగుతది. యూరప్ కారు రోడ్డును ఇడువదు. సోకు సుత దానిదే."

ఏ జీపు ఆగినా తలుపు ఒకసారి వేసి, చప్పుడు విని పెదవి విరిచేవాడు. సిరోంచ పట్నానికి పోయేటప్పుడు మాత్రం లోపల చోటున్నా జీపు వెనకే వేలాడేవాడు.

"గీ డబ్బాల నేను కూసుంటనా?" అనేవాడు. అది గర్వమే అనుకున్నాం.

ఒక ఎండాకాలం రోడ్డు కాంట్రాక్టరు జర్మనీ కారులో ఊళ్లోకి వచ్చాడు. మామ దాని తలుపు వేసి, విని, కళ్లు మూసుకున్నాడు.

"కారంటే గిది!"

కాంట్రాక్టరు మురిసిపోయి ఆయన్ని ఎక్కించుకున్నాడు. అద్దాలు బిగించి ఏసీ వేశాడు. ఊరి చివరి మలుపులో కారు ఆగింది. మామ దిగీదిగకముందే పొద్దున తిన్న అన్నమంతా కక్కేశాడు. సగం సీటు మీదే పడింది.

నీళ్లు పట్టుకుని పరుగెత్తాం. మామ నోరు కడుక్కుని లేచాడు. తెరిచి ఉన్న తలుపును మెల్లగా వేసి, చప్పుడు విన్నాడు.

"అమెరికా కారైతే ఇంటి ముంగట్నే కక్కుతుంటి" అన్నాడు.