లింగమ్మ మందలో మిలిటరీ హీటర్

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, దసరా పోయిన వారానికి, నల్లగొండ శివారులో ఉన్న యాదగిరి షెడ్డులో హెడ్ మెకానిక్‌గా చేరాను. హెడ్ అన్నానని నా కింద పదిమంది ఉన్నారనుకోవద్దు. షెడ్డులో ఉన్నది ఇద్దరం. యాదగిరి యజమాని, కాబట్టి మిగిలినవాడు హెడ్.

అంతకుముందు సైన్యంలో వెహికల్ మెకానిక్‌ని. హవల్దార్ హోదాలో, అంటే నాయక్‌కు పైన, నాయబ్ సుబేదార్‌కు కింద, పెన్షన్ తీసుకుని బయటపడ్డాను. ఆ తర్వాత కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ కొలువు. మంచు కొండల మీద చచ్చిన ఇంజన్లను లేపిన చేతులతో వచ్చే పోయే కార్లకు సెల్యూట్ కొట్టాలి. కుర్చీలో కూర్చున్నా కాళ్లు ఆడుతూనే ఉండేవి. యాదగిరి ఫోన్ చేసిన రోజున తెరిచిన గేటు తెరిచినట్టే వదిలేసి బస్సెక్కాను. నిజానికి గేటు మూశాను. కానీ తెరిచి వదిలేశానని చెప్పుకోవడమే నాకు బాగుంటుంది.

షెడ్డులో పని ఇది. సైన్యం వేలంలో అమ్మేసిన పాత త్రీ టన్నర్లను, అంటే మూడు టన్నుల బరువు మోసే లారీలను, మొదట్లో ఎట్లా ఉండేవో అట్లా తయారు చేయాలి. హైదరాబాద్‌లో అలాంటి బండ్లు సేకరించే ఒక షావుకారు మాకు మొదటి బండి అప్పగించాడు. అది ఒప్పితే ఆయన గోదాములో పడి ఉన్న మిగతా బండ్లన్నీ మాకే. తప్పితే షెడ్డుకు తాళం, నాకు మళ్లీ గేటు. ఒప్పిందా తప్పిందా తేల్చేది షావుకారు తరఫున వచ్చే ఒక రిటైర్డ్ కర్నల్ సాబ్. ఆయన తనిఖీ పుష్య మాసం చివర అని ముందే చెప్పారు.

ఈ వృత్తిలో ఒరిజినల్ అనే మాటకు కచ్చితమైన అర్థం ఉంది. పార్టు మీద ఫ్యాక్టరీ ముద్ర, దాని పక్కన సైన్యం వాడే నిలువు బాణం గుర్తు ఉండాలి. అవి లేకపోతే, అంతకన్నా గట్టి పార్టు అయినా సరే, నకలు కిందే లెక్క. ఇంజను, గేర్ బాక్సు, టార్పాలిన్ కమ్మీలు, చివరికి గొడ్డలి తగిలించే కొక్కెం కూడా సంపాదించాం. దొరకనిది ఒక్క హీటర్.

హీటర్ అంటే డ్రైవర్ కాళ్ల దగ్గర బిగించే ఇనుప డబ్బా. ఇంజన్లో కాగిన నీళ్లు అందులోని చిన్న రాగి జల్లెడలోకి వస్తాయి. దాన్ని కోర్ అంటాం. వెనక ఉన్న ఫ్యాను ఆ వేడిని క్యాబిన్‌లోకి ఊదుతుంది. మంచులో నడిచే బండికి అది లేకపోతే డ్రైవర్ వేళ్లు స్టీరింగుకు అతుక్కుపోతాయి. మన దగ్గర మాత్రం వేలంలో బండి కొన్న ప్రతివాడూ మొదట చేసే పని, కాళ్లకు అడ్డమని ఆ డబ్బాను పీకి పారేయడం.

నల్లగొండలో హీటర్ కావాలని అడగడమే ఒక తమాషా. మొదటి దుకాణంలో బకెట్లో వేసే రాడ్డు చేతిలో పెట్టారు. రెండో దుకాణం మనిషి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. “ఎండకాలం రోడ్డు మీద దోశలు పోసుకునేటోళ్లం, మనకు బండ్ల హీటరా సారూ?” అన్నాడు.

పాత సామాను వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కావలసిన పార్టు పేరు ఎత్తకూడదు. ఎత్తితే రేటు లేస్తుంది. స్టెప్నీ రింగు కోసం వచ్చానని చెప్పి, చాయ్ తాగి, పోతూ పోతూ 'అవతల పడ్డ ఆ డబ్బా ఏంది?' అనాలి. ఈ పద్ధతి నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది. కేతేపల్లి తుక్కు దుకాణంలో నేను చేపల వ్యాపారిని. జడ్చర్లలో సినిమా వాళ్ల మనిషిని. కల్వకుర్తిలో ఏమని చెప్పానో గుర్తులేదు గానీ, వాళ్లు నాకు భోజనం పెట్టి మరీ పంపారు. హీటర్లు మాత్రం పనికొచ్చేవి కావు. కేతేపల్లి దానిలో ఎప్పటివో నీళ్లు నిలిచి కోర్ పుచ్చిపోయింది. జడ్చర్ల దానిలో రాగి ఎవరో అమ్ముకోగా, మిగిలిన డబ్బాలో కోడి పొదుగుతోంది. నన్ను చూసి లేవలేదు కూడా.

తిరిగొచ్చినప్పుడల్లా యాదగిరిది ఒకటే మాట. “నీ కథలకు హీటర్ రాలుతలేదు గని, నా బండ్ల పెట్రోలు మాత్రం రాలుతాంది.” అతని స్కూటర్ మీదే తిరిగేవాణ్ణి. షెడ్డులో కూర్చుంటే క్యాబిన్‌లో ఆ ఖాళీ చోటే కనబడేది, దాని వెనక ఆ గేటు కనబడేది. మళ్లీ స్కూటర్ తీసేవాణ్ణి.

చివరికి అచ్చంపేటలో చాయ్ తాగుతుంటే ఒక లారీ డ్రైవర్ చెప్పాడు. “అమ్రాబాద్ దిక్కు లింగమ్మ అని గొర్లామె ఉన్నది. గొర్రెపిల్లలకు మిలిటరీ ఫ్యాను పెట్టింది.” వీడూ నాలాగే కథలల్లే జాతి అనుకున్నాను. అయినా కాళ్లు ఆగలేదు. ఘాటెక్కి గుట్ట మీదికి పోయాను.

డ్రైవర్ చెప్పింది నిజం. నల్లమలలో ఆ ఎత్తున కార్తీకం నుంచే చలి పట్టుకుంటుంది. లింగమ్మ ఇంటి వెనక దొడ్డిలో, రాతి పొయ్యి మీద నీళ్ల డ్రమ్ము. దాని నుంచి కిందికి రబ్బరు పైపు. పైపు చివర ఒక డబ్బా, డబ్బా పక్కన ట్రాక్టర్ బ్యాటరీ. వేడి నీళ్లు డబ్బాలోంచి బకెట్లోకి దిగుతుంటే, ఆమె బకెట్ ఎత్తి మళ్లీ డ్రమ్ములో పోస్తోంది. డబ్బా ముందర అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. డబ్బా మీద ఇత్తడి బిళ్ల, మసి కింద నిలువు బాణం.

వ్యాపార పద్ధతి అంతా మరిచిపోయి “ఇదే!” అని అరిచాను.

లింగమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. “గంత సంబరమేంది సారూ? పెండ్లి పిల్లను చూడొచ్చినట్టు చూస్తున్నవ్. దూరంకెల్లి వచ్చినవ్, సల్ల తాగు. డబ్బ మాత్రం అడగకు.”

ఆమె మామ ఒకప్పుడు వెదురు లారీకి లోడు ఎత్తే కూలి. వేలంలో కొన్న మిలిటరీ లారీలోంచి కాంట్రాక్టర్ పీకి పారేసిన డబ్బాను ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఆ మందలో చలికి పిల్ల చావలేదని ఆమె చెప్పింది. నేను కొనుక్కుంటానన్నాను. “పైసలు ముంగట పెడితే పిల్లలకు వెచ్చగైతదా?” అంది.

నా దగ్గర మిగిలిన ఆయుధం తీశాను. మంచు కొండల మీద ఫ్లాస్కు నుంచి గ్లాసులోకి పోసే చాయ్ మధ్యలోనే గడ్డకట్టేదనీ, మేము దాన్ని విరుచుకుని చప్పరించేవాళ్లమనీ, అంత చలిలో సిపాయిలను బతికించింది ఈ డబ్బాయేననీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“గంతేనా? ఒకేడు మా కాడ చలికి ఓర్వలేక పులొచ్చి మందల పండుకున్నది. తెల్లారి గొర్లతోటే మేతకు పోయింది. మా మామ లెక్క పెడ్తె ఒకటెక్కువొచ్చె.”

నేను కథల సంచి మూసేసి, ఆమె ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఎత్తాను.

ఆఖరికి ఆమే దారి చెప్పింది. “గిసొంటిదే ఇంకొకటి చేసి తే. ముందుగాల నీది పెట్టు. ఈనే గొర్రెలున్నయ్. పుట్టిన పిల్లలు లేచి పాలు తాగినంక, నాది తీస్కపో. నీ బండికి చలి పెట్టదు, నా పిల్లలకు పెడ్తది.”

షెడ్డుకు వచ్చి, ఒక పాత వ్యాను రేడియేటరునూ దాని ఫ్యానునూ రేకు డబ్బాలో బిగించి, స్కూటర్ వెనక కట్టుకుని మళ్లీ ఘాటెక్కాను. మొదటిసారి బ్యాటరీకి తగిలించగానే ఫ్యాను విమానంలా లేచింది. గొర్రెపిల్లలు దొడ్డి అవతలి మూలకు పరుగెత్తాయి. “ఇది హీటర్ గాదు, వడ్లు తూర్పార పట్టే మిషను,” అని లింగమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది. మిలిటరీ ఫ్యాను ఇరవై నాలుగు వోల్టులది. త్రీ టన్నర్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి. ట్రాక్టర్ బ్యాటరీ పన్నెండు వోల్టులే కాబట్టి అది సగం బలంతో, నెమ్మదిగా తిరుగుతోంది. పిల్లలకు కావలసింది ఆ నెమ్మదే. నా ఫ్యాను తీగ మధ్యలో ఒక హెడ్‌లైట్ బల్బు కలిపాను. వేగం తగ్గింది, పిల్లలు తిరిగొచ్చాయి.

ఇక గొర్రెలు ఈనాలి. అవి నా తొందర చూసి ఈనవు కదా. తనిఖీ దగ్గర పడుతోంది. యాదగిరి ఫోన్ చేసి “ఏడున్నవ్ హవల్దార్ సాబ్?” అంటాడు. “గొర్రె దగ్గర,” అంటాను. “మళ్ల సురువైంది,” అని పెట్టేస్తాడు. దొడ్డి చుట్టూ నేను పచార్లు చేస్తుంటే, “కూసో సారూ, నిన్ను చూసి గొర్లు బెదురుతున్నయ్,” అని లింగమ్మ కసిరింది. ముసురు పట్టిన ఒక పొద్దున రెండు గొర్రెలు ఈనాయి. పిల్లలు నా డబ్బా ముందర వణికి, ఆరి, లేచి, తల్లి పొదుగు వెతుక్కున్నాయి. లింగమ్మ మరో మాట లేకుండా తన డబ్బా విప్పి, చిరిగిన గొంగడి ముక్కలో చుట్టి నా చేతికిచ్చింది.

తనిఖీకి ఒక్క రోజే ఉంది. ఫ్యానును షెడ్డులో ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీతోనే తిప్పి చూశాను, నెమ్మదిగా తిరిగింది. డబ్బా రివిట్లు కూడా ఒరిజినల్‌వే కాబట్టి విప్పి లోపల చూడలేదు. ఆ తర్వాత, సైన్యంలో పనిచేసినవాడు తప్ప మరొకడు చేయని పని చేశాను. మా యూనిట్‌కు పెద్ద ఆఫీసర్ వస్తున్నాడంటే దారి పక్క రాళ్లకు గేరు, అంటే ఎర్రమన్ను, పూసి, సున్నం గీత గీసేవాళ్లం. పూల కుండీకి రంగు, బకెట్‌కు రంగు, నిలబడి ఉంటే మాకూ రంగే. ఆ అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. హీటర్‌ను శుభ్రంగా తుడిచి, ఆలివ్ పచ్చ రంగు రెండు కోట్లు దట్టంగా వేశాను. ఇత్తడి బిళ్లతో సహా.

మరునాడు కర్నల్ సాబ్ తెల్ల చొక్కా, గుబురు మీసాలతో దిగారు. పొద్దున్నే బిగించిన హీటర్ ముందర వంగి, వేలితో తట్టి, కొత్తది, మంచి నకలే చేశారు అన్నారు. ముద్ర ఏది అని అడిగారు. ముద్ర నా రంగు కింద సమాధి అయి ఉంది. నేను గుట్ట, లింగమ్మ, గొర్రెపిల్లల సంగతి గడగడా చెప్పాను. ఆయన యాదగిరి వైపు చూశారు. యాదగిరి తల గోక్కుని, “మావోడు జర కథలెక్కువ చెప్తడు సాబ్,” అన్నాడు. జీవితంలో ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెబితే దానికి దక్కిన మర్యాద అది.

కర్నల్ సాబ్ బండి దిగబోయారు. ఒక్కసారి స్విచ్ వేసి చూడమని వేడుకున్నాను. సరే అని డ్రైవర్ సీట్లో కూర్చుని వేశారు.

రెండు బ్యాటరీల బలం ఆ ఫ్యాను ఎన్నేళ్ల తర్వాత చూసిందో తెలియదు. మొదట ఒక గురక, తర్వాత ఒక గర్జన. నెమ్మదిగా తిరిగినన్నాళ్లూ లోపల పేరుకున్నదంతా ఒక్క ఊపున బయటికి వచ్చింది. క్యాబిన్ నిండా ఉన్ని. ఉన్ని వెనక ఎండిన పెంటికలు, ఆయన చొక్కా మీద, ఒడిలో, ఒకటి మీసంలో. షెడ్డంతా గొర్రెల దొడ్డి వాసన. యాదగిరి బండి ముందద్దం అవతల కిందికి నక్కాడు.

ఆయన వరుసగా తుమ్మి, ఒక పెంటికను వేళ్ల మధ్య పట్టుకుని చూసి, నకలు చేసేవాడు ఇది కూడా వేస్తాడా అని నన్ను అడిగారు. వేయడు సాబ్ అన్నాను. కిరోసిన్ గుడ్డ తెమ్మన్నారు. ఆయనే ఇత్తడి బిళ్లను రుద్దారు. పచ్చ రంగు కరిగి, మొదట బాణం మొన, తర్వాత బాణం, తర్వాత ఫ్యాక్టరీ ముద్ర బయటపడ్డాయి. మీసంలోని ఉన్ని తీయకుండానే, బండి ఒప్పింది అన్నారు. ఆ నెలలోనే గోదాములోని మిగతా బండ్లు మా షెడ్డుకు వచ్చాయి.

నడుము మొండికేసి నేను పానాలు, స్పానర్లు పక్కన పెట్టేదాకా ఆ షెడ్డులోనే పనిచేశాను. ఆ హీటర్ నేర్పింది రెండు సంగతులు. వాడుకలో ఉన్న పార్టు బతుకుతుంది, మూలన పడ్డది పుచ్చిపోతుంది. కాబట్టి వెతికేవాడు తుక్కు దుకాణాల కన్నా ముందు పొయ్యిలూ దొడ్లూ చూడాలి. రెండోది, పాత పార్టుకు వేసే కొత్త రంగు దాని సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ఆ తర్వాత ముద్ర ఉన్న చోట గ్రీజు రాసి, కాగితం అంటించకుండా రంగు డబ్బా మూత తీయలేదు. ఫ్యాను డబ్బాల లోపలి దుమ్మును మాత్రం తనిఖీ అయ్యేదాకా దులిపేవాణ్ణి కాదు.