దవడకు కట్టిన తెల్లగుడ్డ

చెరకంటే నాకు అంత ఆశ ఉందని పెళ్లయ్యేదాకా నాకే తెలియదు. మా పుట్టిల్లు బాల్కొండ వైపు. మా చేన్లలో పసుపు, మక్క తప్ప చెరకు లేదు. పంతొమ్మిదివందల అరవైల్లో ఎడపల్లికి కోడలిగా వచ్చేసరికి ఇంటి చుట్టూ చెరకే. బోధన్ మిల్లుకు బండ్లు కదిలే రోజుల్లో పొద్దున లేస్తే గడ, పొద్దుగూకితే గడ. కత్తితో ముక్కలు కోసుకుంటే ఆ ఇంట్లో నవ్వేవాళ్లు, పండ్లతోనే చీల్చాలి. నేను ఊరుకుంటానా? పోటీపడి నమిలాను.

ఓ పూట చెవి ముందర టక్కుమంది. ఇంక అంతే. నోరు తెరిస్తే దవడ కీలు కలుక్కుమనేది, రొట్టె ముక్క నమిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. మా అత్త నన్ను ఓసారి చూసి మా ఆయనతో అంది:

"పెండ్లయి ఏడాది గాలె, అప్పుడే రోగం తెచ్చుకునె. వాళ్ల అన్నకు కబురు పంపు, తోల్కపోతడు. నయమైనంక సూద్దాం."

జబ్బని పుట్టింటికి పంపిన కోడలిని మళ్లీ పిలవని ఇళ్లు నాకు తెలుసు. పైగా మా అత్త నన్ను ఒక్కసారైనా మెచ్చుకున్న మనిషి కాదు. పెట్టింది తిని మూతి తుడుచుకునేది. ఆమెకు నేను ఇష్టమో కాదో తెలియక లోలోపల నలిగిపోయేదాన్ని.

కబురు పోయింది. ఈలోగా మా ఆయన ఓ పొద్దున బండి కట్టి, బోధన్‌లో ఎముకలు, కీళ్లు సరిచేసే ఒక ముసలి పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషట. ఆ చేతులు చూసి నా తల ఊడి వస్తుందేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం నా చెవుల ముందర వేళ్లు ఆనించి, నోరు మెల్లగా తెరిపించి, మూయించి, కీలు ఎక్కడ పట్టిందో చూసుకున్నాడు. నూనె రాసి మెడను, దవడను నిమిరి నిమిరి చిన్నగా ఒక ఒత్తు ఒత్తాడు. ప్రాణం లేచొచ్చింది.

"కీలు పట్టుకున్నది, గంతే బేటీ. చెరుకు బంద్. ఎక్కువ మాట్లాడకు, పెద్దగ ఆవులించకు. పండుకునేటప్పుడు గిట్ల కట్టుకో," అని గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా తెల్లగుడ్డ కట్టి చూపించాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త చెరకు కొట్టించడానికి చేనుకు పోయింది. మా ఆయన నన్ను దింపి, ఎద్దులకు నీళ్లు పెట్టడానికి కాలువకు తోలుకుపోయాడు. నేను పహిల్వాన్ చెప్పినట్టే గుడ్డ కట్టుకుని, చల్లగా ఉంటుందని వట్టి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఎన్నాళ్లకో మంచి నిద్ర పట్టింది.

మా వైపు దవడకు అలా గుడ్డ కట్టి నేల మీద పడుకోబెట్టేది పోయినవాళ్లనే. చల్ల అడుగుదామని వచ్చిన పక్కింటి అవ్వ గడపలోంచి ఒక్క చూపు చూసి, చెంబు అక్కడే పారేసి చేనుకు పరుగెత్తింది.

ఏడుపులకు నాకు మెలకువ వచ్చింది. కాళ్ల దగ్గర అత్త, చుట్టూ చెరకు కొట్టే ఆడవాళ్లు. అందరూ కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకుని రాగం తీస్తున్నారు. అందరికంటే పైన అత్త గొంతు:

"నా ఇల్లు వెలుగు జేస్తివి బిడ్డా... నీ చేతి రొట్టె తిన్న నోట్లె ఇంకెవ్వల రొట్టె పోతది బిడ్డా... నిన్ను పంపుతనన్న నా నోరు పడిపోను బిడ్డా..."

నా ఒళ్లంతా పులకరించింది. నా రొట్టె అంత బాగుంటుందని అంతవరకూ నాకెవరు చెప్పారు? లేచి కూర్చున్నాను. కొంగుల వెనక ఎవరికీ కనిపించలేదు. గట్టిగా పిలుద్దామంటే దవడ భయం. చివరికి అత్త మోచెయ్యి పట్టుకుని పండ్ల సందుల్లోంచే అన్నాను.

"అత్తా, నేను బతికే ఉన్న."

అత్త కొంగు దించింది. నన్ను, నా కట్టును కాసేపు చూసి అవ్వ మీద పడింది.

"నీ కండ్లల్ల మన్నువొయ్య, ముక్కు కాడ శెయ్యి వెట్టి సూడవైతివా అవ్వా?"

"నువ్వు సూసినవా మరి?" అంది అవ్వ.

ఆడవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వారు. నేను రెండు చేతులతో దవడలు పట్టుకుని నవ్వాను.

ఆ వారంలోనే మా అన్న బండి కట్టుకుని వచ్చాడు. అత్త కాళ్లకు నీళ్లిచ్చి కడుపునిండా పెట్టింది. తిన్నాక ఆయన నా బట్టల మూట సంగతి అడిగాడు.

"ఒట్టి బండి తోల్కపో బిడ్డా. బాట కుదుపులకు పిల్ల దవడ మళ్ల పట్టుకుంటది. నా కోడలు యాడికీ రాదు," అంది అత్త.

శోకంలో ఎవరైనా ఏదైనా అంటారు. ఇది పొడికళ్లతో అన్న మాట. తలుపు వెనక నిలబడి విన్న నాకు పెళ్లినాడు కూడా అంత సంతోషం కలగలేదు.