కాల్ తోలేవాడు

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మేడ మీద, ఏసీ గదిలో, నడివేసవిలోనూ స్వెటర్ వేసుకుని కూర్చుంటాడు నౌషాద్. అంబులెన్సు కోసం వచ్చే కాల్స్ అన్నీ ముందు అతని సర్వర్‌కే చేరతాయి. ఏ నంబరు నుంచి వచ్చిన కాల్ ఎవరి దగ్గర మోగాలో అతను రాసిపెట్టిందే దానికి వేదం. తెర మీద పచ్చచుక్క వెలిగితే ఎవరో ఎత్తినట్టు, ఎర్రచుక్క వెలిగితే తప్పిపోయినట్టు. ఎర్రది కనిపిస్తే చేతిలో ముద్ద కూడా వదిలేసి లేస్తాడు. "గొర్రెల్ని తోలినట్టే అబ్బా. ఏది ఏ దొడ్డికో నేను చెప్తా, అది తోల్తాది" అంటాడు, చూపుడువేలితో గాలిలో గీతలు గీస్తూ.

కర్ణాటక నంబర్లన్నీ బెంగళూరు శాఖకు పోవాలని రాసిందీ అతనే. ఆంధ్ర సరిహద్దులో, గుడిబండ దగ్గరున్న తన ఊళ్లో కర్ణాటక సిమ్‌కే సిగ్నల్ అందుతుందని, అమ్మకు ఆ సిమ్ కొనిచ్చింది తనేనని అప్పుడు గుర్తు రాలేదు. ఒక మధ్యాహ్నం నాయన బుడన్‌సాబ్‌కు గుండెనొప్పి వచ్చింది. పనిలో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తకపోయేసరికి అమ్మ ఖాదర్‌బీ మూడుసార్లు ఆసుపత్రికే చేసింది. మూడుసార్లూ పచ్చచుక్కే వెలిగింది. సాయంత్రానికి బుడన్‌సాబ్ పోయాడు.

మూడోరోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఖాదర్‌బీ గోడకు ఆనుకుని అంది: "ఎవురో పాప కన్నడంలో మాట్లాడి, ఆంధ్రాకు మా బండి రాదని పెట్టేసిందిరా. నేను హిందూపురానికి చేస్తే నా ఫోన్‌ను ఆడికి తోలినోడెవడో, వాని చేతులు పడిపోను!"

అవే చేతులతో నౌషాద్ ఆమెకు టీ గ్లాసు అందించాడు.